దున్నేవాడి పేరు: బూర్గుల రామకృష్ణారావు గారు

మన నాగర్‌కర్నూలు పక్కనే, కల్వకుర్తి తాలూకా పడకల్లులో 1899లో జన్మించారు బూర్గుల వారు. పుణేలో చదివి హైదరాబాదులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1952లో ముఖ్యమంత్రి, తర్వాత కేరళ గవర్నరు. ఇవన్నీ పెన్షనరు మిత్రులకు తెలిసినవే. 1967లో కాలధర్మం చెందారు.

రెవెన్యూ గుమాస్తానైన నాకు మాత్రం ఆయన 1950 కౌలుదారీ చట్టంతోనే గుర్తుకొస్తారు. ఆ ఏడే రెవెన్యూ మంత్రి అయ్యారు, అమలు ఆయన చేతికొచ్చింది. అంతవరకు భూమి లెక్కంతా పట్టాదారు, పట్వారీల నడుమే. అప్పటినుంచి దున్నేవాడూ రక్షిత కౌలుదారుగా రిజిస్టరుకెక్కాడు. (ఎక్కనివాళ్లూ ఉన్నారు. పట్వారీ కలం సంగతి మనకు తెలియనిదా!)

ఏళ్ల తర్వాత ఒక ముసలాయన ఆఫీసుకొచ్చి తన నాయన పేరుందేమో చూడమన్నాడు. ఉంది. వేలుపెట్టి చూపించాను. చదువు రాదు, అయినా ఆ వరుస మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.