ఖలాసీ కొలువులకు అండగా నిలిచిన గిరి

ఖరగ్‌పూర్: శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి బెంగాల్-నాగపూర్ రైలు మార్గం వెంబడి వలస వెళ్లిన తెలుగువారెందరికో తొలి కొలువు చూపినది పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణం. కార్ఖానాలో ఖలాసీగా, పట్టాలపై గ్యాంగ్‌మన్‌గా చేరడానికి పెద్ద చదువులు అక్కరలేదు. జీతం స్వల్పమే. అయినప్పటికీ, వానల మీద ఆధారపడి బ్రతికే కుటుంబానికి నెలనెలా చేతికందే ఆ స్వల్పమే ఆధారం. పని నేర్చిన ఖలాసీ మిస్త్రీ కాగలడు. చేరనే లేనివానికి ఆ దారి లేదు.

ఆ కింది మెట్టుకే ముప్పు వాటిల్లినప్పుడు కార్మికుల పక్షాన నిలిచినవారు వరాహగిరి వెంకటగిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన న్యాయశాస్త్రం అభ్యసించడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. ఐర్లండ్ జాతీయవాదులతో సంబంధాల కారణంగా 1916లో ఆ దేశాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది. వకీలుగా స్థిరపడవలసిన వ్యక్తి రైల్వే కార్మిక సంఘాల వైపు మళ్లారు.

అప్పట్లో ఈ రైల్వే లండన్‌లో పాలకమండలి గల కంపెనీ చేతిలో ఉండేది. 1927లో ఖర్చుల తగ్గింపు పేరిట ఖరగ్‌పూర్ కార్ఖానాలో పెద్ద ఎత్తున ఉద్యోగులను తొలగించడానికి కంపెనీ పూనుకొన్నది. దరిమిలా సమ్మె, లాకౌటు నెలల తరబడి సాగాయి. జీతం లేని నెలల్లో ఖలాసీ ఇంట పొయ్యి ఎట్లా వెలిగిందో ఊహించవచ్చు. కార్మికులను శాంతియుతంగా నడిపించే బాధ్యతను గిరి స్వీకరించారు. సమ్మె ముగిసింది గాని, చిరుద్యోగి పొట్ట కొట్టి పొదుపు చేయరాదన్న ఆయన పట్టుదల ముగియలేదు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరికి అదే పరీక్ష మళ్లీ ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించి తగ్గించగా, 1954 ఆగస్టులో ఆయన పదవికి రాజీనామా చేశారు. వేతన వివాదాన్ని న్యాయస్థానాలకు ఈడ్చడం కంటె ఉభయపక్షాలు కూర్చొని పరిష్కరించుకోవడమే మేలన్నది ఆయన వాదం. కార్మికులు బలహీనంగా ఉన్న చోట ఇది ఏపాటి ఫలిస్తుందన్న సందేహం ఆనాడే వ్యక్తమైంది.

1969లో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన తరువాత కూడ నిరుద్యోగ సమస్యను విస్మరించక 'జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్' గ్రంథాన్ని వెలువరించారు. 1975లో భారతరత్న పొందారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.