నల్లమందుకు తూకం తెచ్చిన జెర్ట్యూర్నర్

గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లమందు అవుతుంది. నొప్పికి అది పనిచేస్తుందని మన పూర్వులకూ తెలుసు. చిక్కల్లా మోతాదుతోనే. ఒక ముద్దలో సత్తువ ఎక్కువ, మరో ముద్దలో తక్కువ. అంతే మందు ఒకరికి చాలదు, మరొకరి ప్రాణం తీస్తుంది.

ఈ చిక్కు విప్పిన ఫ్రీడ్రిష్ జెర్ట్యూర్నర్ 1783లో జర్మనీలోని పాడర్‌బోర్న్ దగ్గర పుట్టారు. పెద్ద చదువులు లేవు. మందుల దుకాణంలో పని నేర్చుకున్నారు. ఇరవై దాటిన కొత్తలోనే నల్లమందు నుంచి నిద్ర తెప్పించే పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీశారు. కుక్కలకు పెట్టి చూశారు. ఆ సంగతి రాసి ప్రచురించినా పట్టించుకున్నవారు తక్కువ.

తర్వాత ముగ్గురు కుర్రాళ్లతో కలిసి తానే మింగారు. ముప్పావు గంటలో మూడు మోతాదులు, ఒక్కోటి సుమారు 30 మిల్లీగ్రాములు. అందరికీ మత్తు ముంచుకొచ్చింది. భయపడి వెనిగర్ తాగించి వాంతి చేయించారు. 1817లో ఆ వివరాలన్నీ ప్రకటించాక లోకం గుర్తించింది. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరే ఆ మందుకు దక్కింది. 1831లో ఫ్రాన్స్ విద్వత్సంస్థ 2000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. 1841లో హామెల్న్‌లో కన్నుమూశారు.

మార్ఫిన్ మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును అణచుతుంది; మోతాదు మించితే ఊపిరినీ అణచుతుంది. అందుకే మన ఇంట్లో క్యాన్సర్ నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాస్తే పేరు విని బెదరొద్దు. రాసిన మోతాదును మాత్రం మనంతట మనం మార్చొద్దు.