ఆచార్య జె. బి. ఎస్. హాల్డేను: జన్మదిన సంస్మరణము

పరిణామశాస్త్రమునకు గణితపు పునాది వేసిన ముగ్గురిలో నొకడును, జీవితమున కడపటి యేడేండ్లు భారతదేశమున గడపి యిచ్చటి పౌరుడుగనే మరణించినవాడును అగు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. ఆ దినమున జీవశాస్త్రజ్ఞులు ఆయనను స్మరించుట సహజము. భాషాసాహిత్యముల నభ్యసించువారికి ఆ స్మరణలో పాలు కలదా యన్నది విచారింపదగిన విషయము. ఆయనకు విజ్ఞానశాస్త్రమున ఏ పట్టమును లేదు. విశ్వవిద్యాలయమున ఆయన తుదకు ప్రథమశ్రేణి నందినది గ్రీకు లాటిను వాఙ్మయములందును తత్త్వశాస్త్రమునందును. ఆయన దేహము మరణానంతరము చేరినది తెనుగుసీమ. ఈ రెండింటిని కలుపు సూత్రమొకటి ఆయన జీవితమున ఆద్యంతము కనబడును. తన శరీరము గానిండు, పెరటిలోని పూవు గానిండు, జనుల వాడుకమాట గానిండు, చేరువనున్న దేనినైనను పరిశోధనకు సాధనముగా చేసికొనవచ్చు నన్నదే ఆ సూత్రము.

ఆయన పుట్టిన సంవత్సరముననే కలకత్తాలో హుగ్లీనది తూర్పుగట్టున ఖిదిర్‌పూర్ డాకు నౌకలకు తెరువబడెను. ఖిదిర్‌పూర్ అను పేరు నౌకానిర్మాతయగు జేమ్స్ కిడ్ వలన వచ్చినదని కొందఱును, జలయాత్రికులకు రక్షకుడని ముస్లిములు తలచు ఖిజిరు పేర వెలసినదని కొందఱును చెప్పుదురు. నామచర్చ యెట్లున్నను, ఆ పరిసరములు జీవశాస్త్రమునకును తెనుగుదేశమునకును చిరకాలముగా కూడలియై యున్నవి. ఆవలిగట్టున శిబపూరులో రాబర్టు కిడ్ 1787లో వృక్షోద్యానమును స్థాపించెను. 1793లో దానికి అధ్యక్షుడై వచ్చిన విలియం రాక్స్‌బరో అంతకుముందు గోదావరి ప్రాంతమునందలి సామర్లకోటలో మొక్కలను పెంచి పరిశీలించినవాడు. ఆయన గ్రంథములలో అనేక వృక్షముల తెలుగు పేళ్లు నమోదైనవి. ఖిదిర్‌పూరునకు తూర్పున నున్న ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలో రొనాల్డ్ రాస్ పక్షుల మలేరియా దోమకాటువలన సంక్రమించునని 1898లో నిరూపించెను. ఆ మార్గమున మొదటి యడుగు 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో పడినది. నగరమధ్యమున ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను 1841 నుండి రెండు దశాబ్దములు నిర్వహించిన ఎడ్వర్డు బ్లైత్ డార్వినునకు లేఖలు వ్రాసెను. ఆయన యభిప్రాయములను డార్విను తన ప్రధాన గ్రంథమున గౌరవముతో పేర్కొనెను. కనుక హాల్డేను రాకకు శతాబ్దము ముందే పరిణామవిచారము ఆ నగరమున పాదుకొనియున్నది.

హాల్డేను తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన శరీరధర్మశాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులను ఆయన తన ఊపిరితోనే పరీక్షించెడివాడు. ఒకప్పుడు కుమారుని గనిలోనికి దింపి, పైకప్పునొద్ద వాయువు చేరియున్న తావున నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకమునుండి ఆంటొనీ ప్రసంగమును చదువుమనెను. బాలుడు కొన్ని పంక్తులు చదివి శ్వాస యాడక కూలెను. నేలకు చేరగనే ఊపిరి మరల నాడినది. ఆ వాయువు గాలికంటె తేలికయైనదని ఆతడు నేర్చిన తీరిది. సాహిత్యమును విజ్ఞానమును ఆ కుటుంబమున వేర్వేరు గదులలో నుండలేదు. చెల్లెలు నయోమి తరువాతికాలమున ప్రసిద్ధ నవలాకర్త్రి యయ్యెను.

ఈటన్ పాఠశాలయందును, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీయందును చదివి, మొదట గణితపరీక్షను, పిదప 1914లో ప్రాచీనవాఙ్మయ పరీక్షను ముగించిన వెంటనే ఆయన యుద్ధమున చేరెను. ఎలుకలలో రెండు గుణములు కూడి సంక్రమించుటను గూర్చి చెల్లెలితోను, స్ప్రంటు అను మిత్రునితోను కలిసి వ్రాసిన వ్యాసము 1915లో వెలువడెను. అది వెలువడునప్పటికి స్ప్రంటు యుద్ధమున మరణించియుండెను. హాల్డేను ఫ్రాన్సులోను, మెసొపొటేమియాలోను గాయపడి, చికిత్సకై 1917లో భారతదేశమునకు పంపబడెను. ఈ దేశముతో ఆయనకు అదియే మొదటి పరిచయము.

ఇరువదవ శతాబ్ది తొలిదశాబ్దములలో డార్విను మతమును మెండెలు మతమును పరస్పరవిరుద్ధములని తలచిన పండితులు పలువురు. మెండెలు చూపిన అనువంశిక ఘటకములు తటాలున మారునవి. డార్విను చెప్పిన మార్పు మెల్లమెల్లగా జరుగునది. ఈ వైరుధ్యము పైపైదని ఫిషరు, సీవల్ రైటు, హాల్డేను గణితముచేత తేల్చిరి. హాల్డేను కేంబ్రిడ్జిలో నుండగా 1924లో ఆరంభించి పదేండ్లలో పది వ్యాసములు ప్రకటించెను. వానిలో మొదటిదానియందు ఒక రాత్రిచర శలభమును దృష్టాంతముగా గైకొనెను. మాంచెస్టరునందు 1848లో ఈ శలభముయొక్క నల్లని భేదము తొలుత కనబడెను. శతాబ్దాంతమునకు ఆ ప్రాంతమున తెల్లనివి అరుదై నల్లనివే నిండెను. ఇంత తక్కువ కాలమున ఇంత మార్పు రావలెనన్న నల్లనిది తెల్లనిదానికంటె సుమారు ఒకటిన్నర రెట్లు సంతతిని మిగుల్చవలెనని హాల్డేను లెక్కగట్టెను. అది నమ్మరాని సంఖ్యయని పలువురు తలచిరి. పొగబారిన చెట్లపై పక్షులు తెల్లని శలభములను ఏరి తినుటను 1950 తరువాత కెటిల్‌వెల్ అడవిలో చూపెను. ఆ పరిశీలనపై ఆక్షేపణలు రాగా, మైకేల్ మాజెరస్ గావించిన మరింత విపులమైన పరీక్ష, ఆయన మరణానంతరము 2012లో ప్రకటితమై, పక్షులే కారణమని దృఢపఱచెను.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి ఆచార్యుడై వచ్చిన పిదప ఆయన మానవ జన్యుశాస్త్రమునకు తిరిగెను. గాయమైన రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధికి మూలమైన జన్యువు తరమునకు సుమారు ఏబదివేలలో నొకటి చొప్పున క్రొత్తగా మారుచుండునని 1935లో అంచనావేసెను. మానవుని జన్యువొకదాని మార్పువేగమును కొలుచుట అదియే ప్రథమము. 1949లో ఆయన మఱియొక ఊహ చేసెను. మధ్యధరా తీరమున థాలసీమియా యను రక్తదోషము ఏల అంత విస్తారముగా నున్నది? ఆ దోషము నొక పాలు మాత్రమే పొందినవారిని మలేరియా బాధింపకుండుటయే హేతువు కావచ్చునని ఆయన తలచెను. 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో కొడవలికణ దోషము విషయమున ఇట్టి రక్షణమునే కనుగొనెను. సికిందరాబాదులోను ఖిదిర్‌పూరు చెంతను రాస్ వెదకిన క్రిమి మనుష్యజాతి రక్తమునే మలచుచున్నదని ఇట్లు తెలియవచ్చినది.

తండ్రివలెనే హాల్డేను తన దేహమును పరీక్షాపాత్రముగా జేసెను. రక్తమున ఆమ్లత పెరిగినపుడు ఊపిరి ఎట్లు మారునో తెలియుటకు అమోనియం క్లోరైడు త్రాగెను. 1939 జూనులో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణింపగా, నీటి యొత్తిడిలో మనుష్యుడు ఎంతవఱకు ఓర్వగలడో యని ఇనుపగదులలో తన్ను బంధించుకొని పరీక్షించెను. మూర్ఛలు వచ్చి వెన్నుపూసలు నలిగెను. పొందిన జ్ఞానమును సామాన్యునకు పంచుట గూడ ఆయన విధిగా భావించెను. కార్మికులు చదువు డెయిలీ వర్కర్ పత్రికకు వందలకొలది వ్యాసములు వ్రాసెను. తెలిసిన వస్తువుతో నారంభించి తెలియని సిద్ధాంతమునకు పాఠకుని నడిపించుట ఆయన పద్ధతి. గ్రీకు చదివినవాడగుటచే మాటల పుట్టుకయందును శ్రద్ధ గలవాడు. పరిణామవేగమును కొలుచుటకు డార్విన్ అను మానమును 1949లో ఆయనయే కల్పించెను. కొమ్మయను నర్థముగల గ్రీకు పదమునుండి పుట్టి మొదట మొక్కలకు చెల్లిన క్లోను శబ్దమును 1963లో మనుష్యులకు అన్వయించి ప్రచారమునకు తెచ్చెను.

ఈ జీవితమున మచ్చయు లేకపోలేదు. సామ్యవాదియగు హాల్డేను, సోవియట్ దేశమున లైసెంకో జన్యుశాస్త్రమును అణచివేసినపుడు, తాను సత్యమని యెఱిగిన శాస్త్రము పక్షమున వెంటనే నిలువక తటపటాయించెను. గొప్ప జన్యుశాస్త్రజ్ఞుడగు వావిలోవ్ 1943లోనే చెఱసాలలో మరణించియుండెను. 1950 ప్రాంతమున హాల్డేను కమ్యూనిస్టుపక్షమునుండి తొలగెను గాని ఆ యాలస్యమును చరిత్ర మఱువలేదు.

1956లో సూయజుపై బ్రిటను జరిపిన దాడి ఆయనకు స్వదేశముపై విరక్తి గలిగించెను. మహలనోబిస్ ఆహ్వానముపై 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాకు వచ్చి, నగరమునకు ఉత్తరమున బరానగరునందలి భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. భారతీయ వేషము ధరించెను, శాకాహారి యయ్యెను, మేజోళ్లు తొడుగవలసిన బాధ తప్పినదని పరిహాసమాడెను. బీదదేశమున విలువైన యంత్రములు లేవను విచారము ఆయనకు లేదు. కన్నులు, ఓర్పు, లెక్కింపు ఉన్నచో చాలునని శిష్యులకు బోధించెను. ఎస్. కె. రాయ్ పారిజాతపుష్పముల రేకులను లెక్కించెను. టి. ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల యాకులు ఎడమకు చుట్టుకొనునా కుడికి చుట్టుకొనునా యని పరిశీలించెను. సురేశ్ జయాకర్ చితువపిట్టల గూళ్లను కాచియుండెను. ప్రాణిని చంపక చూచి తెలిసికొను ఈ శాస్త్రము అహింసను పాటించు దేశమునకు తగినదని ఆచార్యుని తలంపు.

పిఠాపురము వాడగు కృష్ణ ద్రోణంరాజు ఆ శిష్యులలో నొకడు. చెవులపై రోమములు తండ్రినుండి కొడుకులకే సంక్రమించు తీరును తెలుగు కుటుంబములలో పరిశీలించి 1960లో వ్యాసము వెలువరించెను; ఆంధ్రదేశమునందలి మేనరికములను గూర్చియు పరిశోధించెను. ఇచ్చట భాషాశాస్త్రజ్ఞుడు నిలిచి చూడవలసిన విశేషమున్నది. ఆంగ్లమున మేనమామకూతురును మేనత్తకూతురును ఒకే మాటతో చెప్పబడుదురు. సామాన్య జన్యువుల లెక్కలో గూడ ఆ రెండు వివాహములకు భేదము లేదు. పుట్టిన సంతతిలో ఒకే పూర్వజుని జన్యువు రెండు వైపులనుండి వచ్చు సంభావ్యత ఇరుచోట్లను పదునాఱింట నొకటి. కాని ఎక్స్ క్రోమోజోముపై నున్న జన్యువుల విషయమున ఆడుబిడ్డకు ఆ సంభావ్యత మేనమామకూతుని పెండ్లాడినచోట ఎనిమిదింట నొకటి, మేనత్తకూతుని పెండ్లాడినచోట సున్న. తండ్రి ఆడుబిడ్డకిచ్చు ఎక్స్ తన తల్లినుండి వచ్చినదే యగుట దీనికి కారణము. గణితమునకు అవసరమైన ఈ విభేదమును తెలుగు బంధువాచకములు ముందే పాటించుచున్నవి.

పరిపాలనా విషయములందు భేదాభిప్రాయములు వచ్చి 1961లో ఆయన గణాంకశాస్త్ర సంస్థను వీడెను. ఆ సంవత్సరమే భారతపౌరసత్వమును పొందెను. 1962లో ఒరిస్సా ప్రభుత్వ సహాయమున భువనేశ్వరమునందు జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. మరుసటి యేడు పుట్టకురుపు వ్యాధి బయల్పడెను. ఆ వ్యాధినిగూర్చియే హాస్యపద్యము వ్రాసి, రోగులు సిగ్గుపడక ముందుగా వైద్యుని చేరవలెనని హెచ్చరించెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున కన్నుమూసెను. బ్రతికియుండగా తన దేహము పరిశోధనకును బోధనకును ఉపయోగపడినది, ఇకమీదట తనకు దానితో పనిలేదు గనుక ఇతరులు వాడుకొనవలెనని మరణశాసనమున వ్రాసియుండెను. దాని ప్రకారము దేహము 1958లో స్థాపితమైన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్పబడెను. సామర్లకోటనుండి రాక్స్‌బరో కలకత్తాకేగిన దారిలోనే, ఎదురుదిక్కుగా, హాల్డేను తెనుగుతీరమునకు వచ్చెను.

ఆయన దేహమును తెలుగువారు పుచ్చుకొనిరి. ఆయన గణితము, ఆయన వాదము తెలుగువచనమున ఇంకను పూర్తిగా దిగవలసియున్నవి. ప్రకృతివరణము, ఉత్పరివర్తనము, జన్యువు వంటి పారిభాషికపదములు ఏర్పడినవి గాని, వానితో నడచు వాదమును సామాన్యపాఠకుడు తడబడక చదువగల వచనము విరివిగా కావలెను. శాస్త్రజ్ఞులకు విషయము తెలియును, భాషాపండితులకు మాట తెలియును. సాహిత్యపట్టముతో జీవశాస్త్రమున ప్రవేశించిన హాల్డేను చరితము ఈ రెండు వర్గములకు నడుమ గోడ యవసరము లేదని చూపుచున్నది. ఆ పనికి పూనుకొనువారికి నవంబరు 5వ తేదీ తగిన ఆరంభదినము.