లింకన్ కూడా డాక్టరుకు ఉత్తరం రాశాడు

అబ్రహాం లింకన్ పేరు వినని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. గుడిసెలో పుట్టి అమెరికా అధ్యక్షుడైన మనిషి అని వక్తృత్వ పోటీల్లో చెప్పి బహుమతులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆయన జీవితంలో మనకు ఎవరూ చెప్పని భాగం ఒకటి ఉంది. అది మాకు ముందే తెలిసి ఉంటే మా బ్యాచ్‌లో ఒక మిత్రుణ్ణి మేము మరోలా చూసుకునేవాళ్లం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ సంగతి రాస్తున్నాం.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో దుంగలతో కట్టిన చిన్న ఇంట్లో పుట్టాడు. 1818లో తల్లి నాన్సీ చనిపోయింది. విషపు మొక్కలు మేసిన ఆవుల పాలు తాగడం వల్ల వచ్చే జబ్బు ఆమెను తీసుకుపోయింది. అప్పటికి ఆయన వయసు తొమ్మిదేళ్లు. 1828లో అక్క సారా కాన్పులో చనిపోయింది. బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది నిండదు. కూలిపని చేస్తూ, పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివాడు. దుకాణంలో గుమాస్తాగా, పోస్టుమాస్టరుగా, సర్వేయరుగా పనిచేశాడు. 1834లో ఇల్లినాయ్ శాసనసభకు ఎన్నికయ్యాడు.

1835లో ఆన్ రట్లెడ్జ్ అనే యువతి జ్వరంతో మరణించింది. లింకన్ ఆమెను ప్రేమించాడని ఆ ఊరివాళ్లు తరువాత చెప్పారు. ఆ దిగులులో ఆయన ఏం చేసుకుంటాడోనని వాళ్లు భయపడ్డారు. ఇరుగుపొరుగువాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. బౌలింగ్ గ్రీన్ అనే పెద్దమనిషి, ఆయన భార్య లింకన్‌ను తమ ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు.

1837లో వకీలు వృత్తి కోసం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణానికి వచ్చాడు. జాషువా స్పీడ్ అనే యువకుడి దుకాణంలో పరుపు, దుప్పట్ల ధర అడిగితే 17 డాలర్లు అయ్యింది. లింకన్ దగ్గర అంత డబ్బు లేదు. స్పీడ్ ఆయన ముఖం చూసి, మేడమీద తన గదిలోనే ఉండమన్నాడు. అలా ఇద్దరూ దాదాపు నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నారు. ట్రంకుపెట్టె పట్టుకుని హాస్టల్లో అడుగుపెట్టిన రోజు పక్క మంచం వాడు చోటిస్తే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

1841 జనవరిలో లింకన్ మళ్లీ కుంగిపోయాడు. మేరీ టాడ్‌తో కుదిరిన పెళ్లి ఆగిపోయింది. తాను బలపరిచిన కాలువలు, రైలు మార్గాల పథకాలు రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచాయి. స్పీడ్ కూడా ఊరు విడిచి వెళ్లబోతున్నాడు. లింకన్ కొన్ని రోజులు శాసనసభకు కూడా వెళ్లలేకపోయాడు. స్పీడ్ ఆయనను ఒంటరిగా వదల్లేదు. ప్రమాదం తెచ్చే వస్తువులన్నీ గదిలోంచి తీసేశాడు.

లింకన్ తన బాధ దాచుకోలేదు. అన్సన్ హెన్రీ అనే డాక్టరు దగ్గరకు వెళ్లాడు. ఆ డాక్టరు ఊళ్లోనే ఉండిపోయేలా ఆయనకు పోస్టుమాస్టరు ఉద్యోగం ఇప్పించమని తన భాగస్వామి స్టూవర్ట్‌కు ఉత్తరం రాశాడు. సిన్సినాటీలోని పేరుమోసిన వైద్యుడు డేనియల్ డ్రేక్‌కు కూడా తన పరిస్థితి వివరిస్తూ రాశాడు. మనిషిని చూడకుండా మందు చెప్పలేనని ఆయన జవాబిచ్చినట్లు స్పీడ్ తరువాత చెప్పాడు.

ఆ ఏడాది ఆగస్టులో లింకన్ కెంటకీలో స్పీడ్ ఇంటికి వెళ్లి కొన్ని వారాలు ఉన్నాడు. స్పీడ్ తల్లి ఆదరించింది. నెమ్మదిగా కోలుకున్నాడు. తరువాత స్పీడ్ వంతు వచ్చింది. 1842లో పెళ్లికి ముందు అతన్ని విపరీతమైన ఆందోళన పట్టుకుంది. అమ్మాయి మీద తనకు నిజంగా ప్రేమ ఉందా అని భయం. అది మనసు ఆడించే ఆట అని, అతని తప్పు కాదని లింకన్ ఉత్తరం మీద ఉత్తరం రాసి ధైర్యం చెప్పాడు. అదే ఏడాది నవంబరు 4న లింకన్ కూడా మేరీని పెళ్లి చేసుకున్నాడు.

ఆ దిగులు ఆయనను పూర్తిగా వదల్లేదు. 1850లో ఒక కొడుకు, 1862లో అధ్యక్ష భవనంలోనే మరో కొడుకు చనిపోయారు. అప్పట్లో సరైన మందులు లేవు. పాదరసం కలిపిన మాత్రలు మింగేవాడు, వాటివల్ల హాని కూడా ఉండేది. అయినా పని, పుస్తకాలు, హాస్యం, స్నేహితులు ఆయనను నిలబెట్టాయి. 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన మీద సంతకం చేసింది ఈ మనిషే. 1865 ఏప్రిల్ 15న, హంతకుడి తూటా తగిలిన మర్నాడు, కన్నుమూశాడు.

ఇక మా మిత్రుడి సంగతి. ఇంటర్ రెండో ఏడాదిలో అతను మెస్‌కు రావడం తగ్గించాడు. రాత్రుళ్లు నిద్రపోయేవాడు కాదు. పుస్తకం తెరిస్తే గుండె దడ, చెమటలు. మేము బద్ధకం అన్నాం, నటన అన్నాం, నవ్వాం. ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. పరీక్షలు రాయలేదు. ఏడాది తరువాత వాళ్ల మేనమామ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపిస్తే కోలుకుని చదువు పూర్తిచేశాడు. ఆ ఏడాది మాత్రం అతనికి తిరిగి రాలేదు. అందులో మా తప్పు కూడా ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలు దాటి ఉంటే, నిద్ర, ఆకలి, చదువు దెబ్బతింటే, కారణం లేని భయం రోజూ వేధిస్తే అది పిరికితనం కాదు, జబ్బు. దానికి చికిత్స ఉంది. మాటలతో చేసే కౌన్సెలింగ్ ఉంది, మందులు ఉన్నాయి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరును అడగకుండా మానకూడదు. వార్డెన్ గారికి చెప్పండి, జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎవరైనా చనిపోవాలని ఉందంటే ఒంటరిగా వదలకండి, వెంటనే పెద్దలకు చెప్పండి.

లింకన్ కాలంలో డాక్టరు వందల మైళ్ల దూరంలో ఉన్నా ఆయన ఉత్తరం రాశాడు. మనకు ఆ దూరం లేదు. పక్క మంచం మీది మిత్రుడు ఈ రాత్రి భోజనానికి రాకపోతే, ఒక్కసారి వెళ్లి పలకరిద్దాం.