పన్నెండేళ్ళు ఆగిన నవల

1861వ సంవత్సరం జూన్ 30వ తేదీ ఉదయం, బెల్జియం దేశంలో వాటర్లూ యుద్ధభూమి ప్రక్కనున్న మోన్ సేన్ జాన్ గ్రామంలో, ఒక సత్రపు గదిలో యాభై తొమ్మిదేళ్ళ రచయిత తన నవల చివరి పుటను ముగించి కలం క్రింద పెట్టాడు. ఆ నవలను ప్రారంభించి అప్పటికి పదహారవ సంవత్సరం నడుస్తున్నది. అందులో పన్నెండేళ్ళు ఆ వ్రాతప్రతి ముందుకు సాగక పడివున్నది. ఆ రచయిత విక్టర్ హ్యూగో. ఆ నవల లే మిజరాబ్ల్.

గ్రంథరచన ఆలస్యం కావడం వింత కాదు. కాని ఈ ఆలస్యంలో గ్రంథకర్త తానే మారిపోయాడు. మారిన మనిషి తన పాత వ్రాతను ముందు పెట్టుకొని, ఓపికతో మళ్ళీ చదివి, దిద్దాడు. ఆ దిద్దుబాటు చరిత్ర తెలుసుకోదగినది.

హ్యూగో 1802 ఫిబ్రవరి 26న ఫ్రాన్సులోని బెసాన్సోన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో సేనాని. తల్లి రాచరికాన్ని అభిమానించినది. ఇట్లు రెండు పక్షాల నడుమ పెరిగిన బాలుడు యౌవనంలో తల్లి పక్షానే నిలిచి, రాజభక్తుడైన కవిగా పేరు పొందాడు. 1831లో వెలువడిన నోత్రదామ్ ద పారి నవల ఆయన కీర్తిని దేశమంతటా వ్యాపింపజేసింది. 1841లో ఫ్రెంచి అకాడమీ సభ్యత్వం, 1845లో ప్రభువుల సభలో స్థానం లభించాయి. లోకం దృష్టిలో ఆయనకు లోటు లేదు.

కాని ఇంటిలో తీరని లోటు ఏర్పడింది. 1843 సెప్టెంబరులో ఆయన పెద్ద కుమార్తె లియోపోల్డీన్ తన భర్తతో కూడ సేన్ నదిలో పడవ మునిగి మరణించింది. ఆమెకు పందొమ్మిదేళ్ళు, వివాహమై ఏడు మాసాలే అయింది. ప్రయాణంలో ఉన్న తండ్రికి ఆ వార్త ఒక పత్రికలో కనబడింది. ఆ తరువాత చాల సంవత్సరాలు ఆయన కొత్త గ్రంథమేదీ ప్రకటించలేదు.

1845 నవంబరులో ఆయన బీదల దుర్దశను గూర్చి ఒక నవల ప్రారంభించాడు. దానికి మొదట పెట్టుకొన్న పేరు లే మిజేర్, అనగా దైన్యాలు. కథానాయకుని పేరు అప్పటికి జాన్ వాల్జాన్ కాదు, జాన్ త్రేజాన్. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో ఒకనాడు పారిస్ వీధిలో ఆయన ఒక దృశ్యాన్ని చూశాడు. రొట్టె దొంగిలించాడని ఒక బీదవానిని సైనికులు పట్టుకొని పోతున్నారు. ప్రక్కనే ఆగివున్న బండిలో ముఖమలు వస్త్రాలు ధరించిన ఒక సంపన్న స్త్రీ తన బిడ్డతో ఆడుకొంటున్నది. ఆ బీదవాడు ఆమెను చూస్తున్నాడు. ఆమెకు మాత్రం వాడు కనబడలేదు. ఆ చూపులో రానున్న విప్లవం ఉన్నదని హ్యూగో గ్రహించాడు.

ఆ విప్లవం 1848 ఫిబ్రవరిలో రానే వచ్చింది. నవల సగంలో ఆగిపోయింది. రాచరికం పోయి ప్రజాప్రభుత్వం ఏర్పడింది. హ్యూగో శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆ జూన్ మాసంలో పనులు పోయిన పారిస్ కార్మికులు వీధులకు అడ్డుకట్టలు వేసి తిరుగబడ్డారు. బీదలను గూర్చి నవల వ్రాస్తున్న రచయిత ఆనాడు ప్రభుత్వ సేనల పక్షాన నిలిచి, ఆ అడ్డుకట్టలను పడగొట్టించడానికి వెళ్ళాడు. తుపాకిగుండ్ల నడుమ నిలవడానికి ఆయనకు ధైర్యం ఉన్నది. కాని ఎదుట నిలిచిన వారెవరు? ఆయన కథలోని బీదలే. ఈ ముల్లు ఆయన మనస్సులో చాలకాలం నిలిచిపోయింది. 1849 జూలైలో దారిద్ర్యాన్ని నిర్మూలించాలని శాసనసభలో ఆయన ఉపన్యసించినప్పుడు పాత మిత్రులే ఎదురు తిరిగారు.

1851 డిసెంబరు 2న లూయీ నెపోలియన్ శాసనసభను రద్దుచేసి అధికారాన్ని చేజిక్కించుకొన్నాడు. దానిని ప్రతిఘటించి విఫలుడైన హ్యూగో, కార్మికుని వేషంలో మారుపేరుతో రైలెక్కి, బ్రస్సెల్సు చేరాడు. ఆయనను ఆ రోజులలో దాచి కాపాడిన జూలియెట్ ద్రూయే, ఆయన వ్రాతప్రతులున్న పెట్టెను వెంట తీసుకొని వచ్చింది. ముగియని నవల ఆ పెట్టెలోనే ఉన్నది. ఆమె సాహసమే లేకుంటే ఆ గ్రంథం ఏమయ్యేదో!

అక్కడనుండి 1852లో జెర్సీ దీవికి, అక్కడి అధికారులు వెళ్ళగొట్టగా 1855లో గెర్న్సీ దీవికి ఆయన మకాం మారింది. చుట్టూ సముద్రం, పరాయి భాష, విసిగిపోయిన కుటుంబం. 1858లో పుండు లేచి ప్రాణాపాయమే కలిగింది. 1859లో చక్రవర్తి ప్రవాసులందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. దేశానికి స్వేచ్ఛ తిరిగి వచ్చిననాడే తానూ తిరిగి వస్తానని హ్యూగో ఆ భిక్షను త్రోసిపుచ్చాడు.

1860 ఏప్రిల్ 26న ఆయన ఆ పెట్టెను తెరిచాడు. తెరిచిన వెంటనే కలం పట్టలేదు. దాదాపు ఎనిమిది మాసాలు వ్రాసినదంతా చదువుతూ, ఆలోచిస్తూ గడిపాడు. డిసెంబరు 30న కథను ఆగినచోట తిరిగి అందుకొన్నాడు. తొలి భాగాన్ని ఆపినవాడు ఒక ప్రభువు, తరువాతి భాగాన్ని సాగించినవాడు ఒక ప్రవాసి అని వ్రాతప్రతిలో ఆ చోట తానే గుర్తు వేసుకొన్నాడు.

దిద్దుబాటు అంటే ఇక్కడ మాటల మార్పు మాత్రమే కాదు. బిషప్పు కథలో విప్లవకాలపు వృద్ధ ప్రతినిధి ఒకడు ప్రవేశించాడు. ఆ విప్లవకారుని ముందు ధర్మాత్ముడైన బిషప్పు మోకరిల్లుతాడు. ప్రభువుల సభలో కూర్చున్న నాటి హ్యూగో ఆ ఘట్టాన్ని వ్రాయగలిగేవాడు కాడు. యువకుడు మారియస్ రాజభక్తినుండి నెపోలియన్ అభిమానానికి, అక్కడనుండి ప్రజాస్వామ్యానికి నడిచే మార్గంలో రచయిత తన జీవితాన్నే మళ్ళీ నడిచాడు. 1832 నాటి తిరుగుబాటు కథ విస్తరించింది. చివరి భాగం మొదట 1848 జూన్ నాటి అడ్డుకట్టల వర్ణన చేరింది. తాను ఎదిరించిన వారిని ఖండించవలసి వచ్చినా గౌరవించక తప్పదని ఆయన అందులో ఒప్పుకొన్నాడు. తన గతాన్ని దాచలేదు, తుడిచివేయలేదు. ఎదుట పెట్టుకొని విచారించాడు.

ప్రచురణ సులభంగా జరుగలేదు. 1861 అక్టోబరులో లాక్రువా అనే బ్రస్సెల్సు ప్రచురణకర్త 3,00,000 ఫ్రాంకులకు ఒప్పందం చేసుకొన్నాడు. అంత సొమ్ము లేని ఆ యువకుడు బ్యాంకులో అప్పు చేశాడు. కథకు అడ్డువస్తున్న తత్త్వచర్చలను తగ్గించమని ఆయన కోరితే హ్యూగో అంగీకరించలేదు. గెర్న్సీలో జూలియెట్ శుభ్రప్రతులు వ్రాసేది. బ్రస్సెల్సులో అచ్చయిన ప్రూఫులు సముద్రం దాటి వచ్చి, దిద్దబడి, తిరిగి సముద్రం దాటి పోయేవి. 1862 మార్చి 30న మొదటి భాగం, జూన్ 30న చివరి భాగం వెలువడ్డాయి. అన్నీ కలిసి పది సంపుటాలు. పారిస్‌లో పుస్తకాల అంగడి ముందు జనం గుమికూడారు. విమర్శకులలో కొందరు మండిపడ్డారు. 1864లో రోమను మతపీఠం ఆ గ్రంథాన్ని నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది. అయినా ఆ కథ దేశదేశాలకు ప్రాకింది. 1950లో చిత్తూరు నాగయ్య నటించిన బీదలపాట్లు చిత్రం ద్వారా తెలుగువారి కన్నీటిని కూడ అందుకొన్నది.

నవల వెలువడిన ఆ 1862లోనే గెర్న్సీలోని తన ఇంట బీదపిల్లలకు వారానికొకసారి భోజనం పెట్టే ఏర్పాటును హ్యూగో ప్రారంభించాడు. సామ్రాజ్యం కూలిన తరువాత 1870 సెప్టెంబరు 5న స్వదేశం చేరాడు. 1885 మే 22న మరణించాడు. ఆయన కోరిన ప్రకారం బీదవారి శవవాహనంలోనే పార్థివదేహాన్ని తీసుకొనిపోయారు. దాని వెనుక లక్షలాది జనం నడిచారు.

విద్యార్థి వ్యాసం దిద్దేటప్పుడు అక్షరదోషాలు చూస్తాడు, అది అవసరమే. కాని నిన్న వ్రాసినది నేటి తన మనస్సుకు నిజమేనా అని అడగడం అంతకన్న కష్టమైన దిద్దుబాటు. హ్యూగోను కష్టకాలం దీవిలో కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడిగింది. ఆయన తప్పించుకోక సమాధానం చెప్పాడు. దైన్యాలు అన్న పేరు దీనులు అన్న పేరుగా మారడంలోనే ఆ సమాధానమున్నది. మొదట ఆయన చూసినది ఒక సమస్యను. చివరకు చూసినది మనుష్యులను.