తెరచాపలకు దిగువ ఊళ్ల దీవెన

హుస్సేన్‌సాగర్ మత్తడి దుంకితే ఆ నీళ్లు నాలా పట్టుకొని మూసీలో పడతాయి. మూసీ పట్నం దాటి తూర్పుకు సాగి, భువనగిరి వైపు పల్లెల మీదుగా దిగి, సోలిపేట దగ్గర ప్రాజెక్టులో కాసేపు ఆగి, వాడపల్లిలో కృష్ణమ్మను కలుస్తుంది. ఆ లెక్కన సాగరానికి మేం దిగువ వాళ్లం. ఎగువ చెరువు కట్ట మీద శుభకార్యం జరిగితే దిగువ ఊళ్ల వాళ్లు అక్షింతలు పట్టుకొని పోవడం మర్యాద. 2009లో ఆ నీళ్ల మీద పుట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌కు పదిహేనేళ్లు నిండిన సందర్భంలో నల్లగొండ, పాలమూరు జిల్లాల తరఫున పంపుతున్న అక్షింతలు ఈ నాలుగు మాటలు.

సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న చోట తెరచాప పందేలేమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు కొయ్యల ఓడ బొమ్మను నాణేల మీద ముద్రించుకున్న శాతవాహనుల గడ్డ మీద నిలబడి ఆ ప్రశ్న అడగడం కొంచెం విడ్డూరమే. అయినా జవాబు చెప్పుకుందాం. తెరచాపకు కావలసింది ఉప్పునీళ్లు కావు. అడ్డం లేని నీళ్లు, నమ్మదగ్గ గాలి ఉంటే చాలు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562-63 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పూనుకొని కట్టించిన చెరువు మొదటిదాన్ని ఇచ్చింది. జూన్ నుంచి దక్కన్ పీఠభూమి మీదుగా వీచే నైరుతి గాలి రెండోదాన్ని ఇచ్చింది.

ఈ సంగతిని ముందుగా కనిపెట్టింది సైన్యం. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల దళం) అధికారులు, జవాన్లు ఇక్కడ తెరచాప పడవలు నడిపారు. 1980ల నుంచి జరుగుతున్న హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచి లేజర్ తరగతి పడవల పోటీదారులు వస్తున్నారు. ఆ పునాది వేసిన వాళ్లకు కూడా ఈ అభినందనలో వాటా ఉంది. అయితే చాలాకాలం ఈ ఆట యూనిఫాం ఉన్నవాళ్లది, లేదంటే జేబు నిండుగా ఉన్నవాళ్లది. ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి తింటూ చూసే జనానికి ఆ తెల్లటి చాపలు దూరపు ముచ్చటే.

సుహేం షేక్ స్థాపించిన ఈ క్లబ్బు ఆ దూరాన్ని తగ్గించే పని పెట్టుకుంది. ఆయన స్వయంగా సెయిలర్. పడవలున్నవాళ్లను సభ్యులుగా చేర్చుకొని, సాయంత్రాలు చాయ్ తాగి, ఏడాదికో పోటీ పెట్టి ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అలా కాకుండా క్లబ్బు బస్తీల తలుపు తట్టింది. రసూల్‌పురాలోని ఉద్భవ్ బడి పిల్లలు, అలాంటి ఇళ్ల పిల్లలు వచ్చి పడవెక్కారు. అమ్మ ఇళ్లలో పనికి పోయేది, నాన్న ఆటో తోలేవాడు, ఇంటికి నల్లా నీళ్లు వంతుల వారీగా వచ్చేది. అట్లాంటి ఇంటి బిడ్డ చేతికి చుక్కాని ఇచ్చి, ఈ చెరువంతా నీదే, పో అన్నారు. పదిహేనేళ్లలో ఈ క్లబ్బు చేసిన పనులన్నిటిలో మేం ముందుగా దండం పెట్టేది దీనికి.

పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే దీని నమూనా గీశాడు. పొడవు రెండున్నర మీటర్లకు తక్కువ, బరువు 35 కిలోలు, ఒక్కటే చాప, ఒక్కరే మనిషి. ముందు భాగం కోసుగా లేకుండా పెట్టెలాగా చదునుగా ఉంటుంది. పదిహేనేళ్ల వయసు దాకా అందులోనే పోటీలు. పడవ చిన్నదే కానీ అందులో పెద్దవాళ్లెవరూ ఉండరు. గాలి ఎటు తిరిగింది, చాప ఎంత లాగాలి, ఒరిగిన పడవను ఒళ్లు బయటికి వంచి ఎలా నిలబెట్టాలి, ఇవన్నీ పదేళ్ల బిడ్డ తనకు తానే తేల్చుకోవాలి. అందుకే శిక్షణలో ముందుగా పడవను కావాలనే బోల్తా కొట్టిస్తారు. లేపి, నీళ్లు తోడిపోసి, మళ్లీ ఎక్కడం వచ్చాకే మిగతా పాఠాలు. పడిపోవడం గురించి భయం పోయిన పిల్లలకు గాలి గురించి చెప్పడం తేలిక.

జులైలో క్లబ్బు జరిపే మాన్‌సూన్ రెగట్టా అనే తెరచాప పోటీలు చూడనివాళ్లు ఒక్కసారి పోయి చూడండి. తెలంగాణలో వానాకాలం అంటే నారుమళ్లే గుర్తొస్తాయి కదా, అదే గాలివానలో అక్కడ పిల్లల పండుగ జరుగుతుంది. పందెం మొదలవడమే ఒక వింత. నీళ్ల మీద గీత గీయలేరు కాబట్టి, నిర్వాహకుల పడవకూ ఒక తేలే బుడ్డకూ మధ్య గీత ఉందనుకోవాలి. అయిదు నిమిషాల ముందు ఒక జెండా లేస్తుంది. నాలుగు నిమిషాలప్పుడు ఇంకొకటి లేస్తుంది. ఒక్క నిమిషం మిగిలిందనగా అది దిగుతుంది. సున్నాకు మొదటి జెండా కూడా దిగి, హారన్ మోగుతుంది. పడవకు బ్రేకులుండవు. నిలబడి ఎదురుచూద్దామంటే గాలి ఊరుకోదు. ఆ అయిదు నిమిషాలూ గీత వెనకాల తిరుగుతూ, సరిగ్గా హారన్ మోగే క్షణానికి వేగంతో గీత మీదికి రావాలి. ముందే దాటితే వెనక్కి తిరిగి మళ్లీ రావలసిందే.

ఆపైన గాలికి ఎదురు పోవాలి. సూటిగా ఎదురెళ్తే చాప కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది. కాబట్టి గాలికి దాదాపు 45 డిగ్రీల కోణంలో కొంతదూరం ఒకవైపు, మళ్లీ మలుపు తిప్పి కొంతదూరం రెండోవైపు, అలా మెలికలు తిరుగుతూ గాలి వచ్చే వైపున్న బుడ్డ చేరాలి. ఎవరు ఎక్కడ తిరిగారన్న దాన్నిబట్టే పందెం తేలుతుంది. హుస్సేన్‌సాగర్ మీద ఆ లెక్క మరీ కష్టం. చుట్టూ మేడలు, ఒక పక్క నౌబత్ పహాడ్. వాటి సందుల్లోంచి వచ్చే గాలి ఒక్క తీరున ఉండదు. నీటి మీద నల్లగా ముడతలు పడి కదిలే చోటే గాలి వస్తున్న చోటని అక్కడి పిల్లలకు తెలుసు. వాన వాసన పట్టే మా రైతుల చదువు లాంటిదే అది.

ఆ నీళ్ల మధ్యన నిలబడ్డ బుద్ధుడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ రాయి మాది. అప్పటి నల్లగొండ జిల్లా, భువనగిరి దగ్గరి రాయగిరి కొండ రాయి. 1990లో తీసుకుపోతుండగా పంటు మునిగి విగ్రహం సాగరం అడుగుకు పోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండేళ్లకు పైగా నీళ్లలో పడుకున్న ఆ రాతి విగ్రహాన్ని లేపి, 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఇప్పుడు సాగరంలో పందెం ఎటు తిరిగినా మా రాయగిరి రాయి కళ్లముందే ఉంటుంది. అటు పోయే పడవలకు ఆ పెద్దాయన గాలి కొంచెం అడ్డుకుంటే మా మీద కోపం పెట్టుకోవద్దని మనవి.

ఈ ఆటలో మాకు బాగా నచ్చింది దీని న్యాయం. చెరువు కింద మా ఊళ్లలో నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు తూము తీయాలో, ఎవరి వంతు ఎంతసేపో అతను చెప్పిందే మాట. కానీ కరువు ఏడు వస్తే నీరటి మాట కూడా నడిచేది కాదు. రాత్రి చీకట్లో మడవలు మారేవి, తెల్లారి పారలు లేచేవి. నీళ్ల కాడ తలలు పగిలిన కథ లేని ఊరు మా జిల్లాల్లో దొరకదు. తెరచాప పందెంలో ప్రతి పడవ వెంటా రెఫరీ తిరగడు. కుడి పక్క నుంచి గాలి పడుతున్న పడవకు ఎడమ పక్క నుంచి గాలి పడుతున్న పడవ దారి ఇవ్వాలి. ఇవ్వకుండా అడ్డం వచ్చి తప్పు చేస్తే, చేసిన వాళ్లే ఒప్పుకొని, వెంటనే పడవను రెండు చుట్లు తిప్పి, ఆ నష్టం భరించి ముందుకు సాగాలి. బుడ్డను తాకితే ఒక చుట్టు. ఒప్పుకోకపోతే ఎదుటివాళ్లు ప్రొటెస్ట్ అని కేకవేస్తారు. ఒడ్డుకు వచ్చాక కమిటీ ముందు పంచాయితీ, సాక్ష్యాలు, తీర్పు. అంటే ప్రతి బిడ్డా తన పడవకు తానే నీరటి. పన్నెండేళ్ల పిల్ల తన తప్పుకు తానే రెండు చుట్లు తిరగడం నేర్చుకున్న చోటుకు, నీళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన మా పెద్దలను ఒకసారి తీసుకుపోవాలనిపిస్తుంది.

పతకాల లెక్క చూసేవాళ్ల కోసం అదీ చెప్పుకుందాం. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 470 మిక్స్‌డ్ విభాగంలో సుధాంశు శేఖర్‌తో కలిసి భారత్ తరఫున పోటీకి దిగిన ప్రీతి కొంగర ఈ హుస్సేన్‌సాగర్‌లో తయారైన సెయిలరే. 470 అంటే 4.7 మీటర్ల పడవ. ఇద్దరు నడపాలి. ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు కొయ్యకు కట్టిన తీగ మీద ఆనుకొని, ఒళ్లంతా నీటి మీదికి చాచి పడవను ఒరగకుండా నిలబెడతారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోతే ఆ పడవ నడవదు. టోక్యో ఒలింపిక్స్ సెయిలింగ్‌లో మన దేశం నుంచి పోటీపడిన మొదటి మహిళ నేత్ర కుమనన్ చెన్నై బిడ్డ, సముద్రం ఆమెకు ఇంటి ముందరిది. ఆరు చదరపు కిలోమీటర్లు కూడా లేని చెరువులో గాలి నేర్చుకొని ఆసియా క్రీడలకు పోవడం ఇంకో రకం గొప్ప. ఎన్నో జాతీయ పోటీల్లో ఈ క్లబ్బు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పతకాలు తెచ్చారు. తెలంగాణ పేరు పడవ మీద చూసి సముద్రతీరం వాళ్లు రెండోసారి తిరిగి చూసేలా చేశారు.

ఇక మా సంగతి. మా జిల్లాల్లో నీళ్లంటే ముందు గుర్తొచ్చేది కష్టం. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నడుములు నల్లగొండవి. దేశంలో ఏ ఆనకట్ట పని ఉన్నా తట్టలు మోసిన పాలమూరు లేబర్ చేతులు మహబూబ్‌నగర్‌వి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ను రాయి మీద రాయి పేర్చి కట్టిన కూలీల మనుమలు ఇప్పుడు ఆ నీళ్లను టూరిస్టు లాంచీలోంచి చూస్తున్నారు. నిండితే 285 చదరపు కిలోమీటర్ల జలాశయం అది. అందులో హుస్సేన్‌సాగర్‌లు యాభై పడతాయి. నాగార్జునకొండ దాకా అడ్డం లేని గాలి. ఇటు జూరాల వెనక జలాలు, సోమశిల దగ్గరి కృష్ణ, కోయిల్‌సాగర్, నల్లగొండ ఊరి పక్కనే పానగల్లు ఉదయసముద్రం. వెదురు పుట్టి మీద ఒక్క తెడ్డుతో కృష్ణను దాటే మత్స్యకారులు ఒడ్డునే ఉన్నారు. గాలి, ప్రవాహం వాళ్లకు తెలిసినట్టు ఏ కోచ్‌కు తెలుస్తాయి? లేనిది ఆ పిల్లల చేతికి చుక్కాని ఇచ్చేవాళ్లే.

అందుకే అభినందనతో పాటు ఒక అడుగుడు కూడా పెడుతున్నాం. పండుగనాడు అడిగితే కాదనరని ధైర్యం. మీ దగ్గర నేర్చుకున్న బిడ్డల్లో ఒకరిద్దరిని మాకు గురువులుగా పంపండి. నాలుగు ఆప్టిమిస్ట్ పడవలు, అందరికీ లైఫ్ జాకెట్లు, కాపాడే మోటారు బోటు ఒకటి, దగ్గరి గురుకులంలో ఈత వచ్చిన పిల్లలు పాతికమంది. ఇంతే మొదలు. ఆగస్టు, సెప్టెంబరులో నాగార్జునసాగర్ నిండాక మొదలుపెడితే చలికాలం దాకా నీళ్లుంటాయి. సర్కారుకూ ఇదే మనవి. బోటింగ్ కౌంటర్ టెండరు పెట్టి వదిలేయకుండా, ఆ నీళ్లలో మా పిల్లల ఆటకు కొంచెం చోటు ఉంచండి.

ఇంకొక మాట దిగువ వాళ్లుగా చెప్పాల్సిందే. మీ పిల్లలు పడవ బోల్తా పడి లేచినప్పుడు ఆ నీళ్ల వాసన ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. ఆ నీళ్లే నాలాలో పడి, పట్నం మురుగంతా కలుపుకొని మా మడులకు వస్తున్నాయి. సాగరాన్ని రోజూ ఒంటిమీద పూసుకునేవాళ్లు మీరు, మూసీని పొలానికి పెట్టుకునేవాళ్లం మేం. ఈ నీళ్లు బాగుపడాలని అడగడానికి మనకంటే హక్కుదారులు లేరు. అడిగే రోజున మీ పక్కన మేం ఉంటాం.

యాట్ క్లబ్ పెద్దలకు, కోచ్‌లకు, తెల్లారకముందే పిల్లలను నీళ్ల దాకా పంపుతున్న బస్తీ తల్లులకు, చేతులు కాయలు కాసిన ఆ సెయిలర్ బిడ్డలకు నల్లగొండ, పాలమూరు ఊళ్ల అభినందనలు. మీ చాపలకు గాలి ఎప్పుడూ తక్కువ కావద్దు. మీ పిల్లల మాట ఎప్పుడూ తప్పు కావద్దు. మీ క్లబ్బు పాతికేళ్ల పండుగ జరుపుకునేనాటికి మాన్‌సూన్ రెగట్టాలో మా నాగార్జునసాగర్ బిడ్డ వచ్చి మీ హుస్సేన్‌సాగర్ బిడ్డను ఓడించాలని మేం మనసారా కోరుకుంటున్నాం. శిష్యుడి చేతిలో ఓడిపోవడమే గురువుకు సన్మానమని మీకు మేం చెప్పాలా!