ఇడా స్కడ్డర్

ఇడా సోఫియా స్కడ్డర్ (1870 డిసెంబర్ 9 - 1960 మే 24) ప్రసిద్ధ అమెరికన్ వైద్యురాలు, రాయవేలూరు (వేలూరు) లోని క్రైస్తవ వైద్య కళాశాల (సి.ఎం.సి.) వ్యవస్థాపకురాలు. భారతీయ స్త్రీలను వైద్యులుగా తీర్చిదిద్దడమే ఈమె జీవితాశయం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో పెద్ద జబ్బు చేసిన వారిని రాయవేలూరు ఆసుపత్రికి తీసుకొని వెళ్ళడం తరతరాలుగా వస్తున్నది.

జననం, కుటుంబం

ఇడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోని రాణిపేటలో జన్మించింది. ఆనాడు ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. 1911లో చిత్తూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఈమె తాత జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుండి బయలుదేరి వచ్చిన తొలి వైద్య మిషనరీ. తండ్రి కూడా వైద్యుడే. అయితే ఇడాకు అమెరికాలోనే స్థిరపడాలని కోరికగా ఉండేది.

తిండివనం సంఘటన

1890లో తల్లి అనారోగ్యం కారణంగా ఇడా తిండివనం వచ్చింది. అక్కడ ఒక రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలను కాపాడవలసిందిగా ఆమెను వేడుకున్నారు. తనకు వైద్యం తెలియదని, తండ్రిని పిలుచుకొని వెళ్ళమని ఆమె చెప్పింది. పరపురుషుడు స్త్రీకి వైద్యం చేయడం తమ ఆచారానికి విరుద్ధమని వారు వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఈ సంఘటన ఆమె జీవితాన్ని మలుపు త్రిప్పింది.

వైద్యవిద్య, ఆసుపత్రి

ఇడా అమెరికాకు వెళ్ళి, 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టం పొందింది. ఆ కళాశాలలో స్త్రీలకు ప్రవేశం లభించిన తొలి తరగతి అదే. షెల్ అనే న్యూయార్కు ధనికుడు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10,000 డాలర్లతో, 1902లో 40 పడకల ఆసుపత్రి రాయవేలూరులో వెలసింది. 1909లో నర్సుల శిక్షణ మొదలయింది. ఇడా గుడియాత్తం మార్గంలోని గ్రామాలకు స్వయంగా వెళ్ళి, రోడ్డు ప్రక్కనే చెట్ల నీడన రోగులను పరీక్షించేది.

వైద్య పాఠశాల

ఒక్క వైద్యురాలు ఎందరికి చికిత్స చేయగలదు? ఈ ఆలోచనే 1918లో స్త్రీల వైద్య పాఠశాల స్థాపనకు దారితీసింది. చదువుకొనడానికి తగినంతమంది బాలికలు వస్తారా అని అధికారులు సందేహించినా, చాలినంతమంది ముందుకు వచ్చారు. 1922లో 14 మంది తొలి జట్టుగా ఎల్.ఎం.పి. డిప్లొమా పొందారు.

కళాశాలగా మార్పు

1930ల చివర మద్రాసు ప్రభుత్వం డిప్లొమా చదువులకు స్వస్తి చెప్పి ఎం.బి.బి.ఎస్. పట్టాను తప్పనిసరి చేసింది. ఆ స్థాయికి తగిన ఆచార్యులు, పడకలు, ప్రయోగశాలలు లేకపోతే పాఠశాల మూతపడవలసిందే. డెబ్బై యేళ్ళ వయస్సులో ఇడా అమెరికాలో ఊరూరా తిరిగి విరాళాలు సేకరించింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయ అనుబంధంతో ఎం.బి.బి.ఎస్. తరగతులు ప్రారంభమయ్యాయి. పురుషులను కూడా చేర్చుకుంటే పలు క్రైస్తవ సంఘాల సహాయం లభించే అవకాశం ఉండేది. స్త్రీల కొరకు స్థాపించిన సంస్థ స్వభావం మారిపోతుందని అమెరికాలోని కొందరు పాత దాతలు దీనిని వ్యతిరేకించారు. సంస్థ నిలవడమే ముఖ్యమని ఇడా సమ్మతించింది. 1947లో పురుషులకు ప్రవేశం లభించింది.

మరణం, తదనంతరం

ఇడా 1946లో బాధ్యతల నుండి విరమించి, 1960లో కొడైకెనాల్‌లో మరణించింది. ఈమె అవివాహిత. 2000లో భారత తపాలా శాఖ ఈమె స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఈమె మరణించిన సంవత్సరమే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల ప్రారంభమయింది. 2014లో అదే పట్టణంలో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఏర్పడింది. సి.ఎం.సి.కి నేడు చిత్తూరు సమీపాన గుడిపాల మండలంలో కూడా ఒక ప్రాంగణం ఉంది.